క్లైమాక్స్ చెప్పేస్తే పుస్తకం అయిపోయినట్టేనా?

ఈ సెమిస్టర్ మొదట్లో మన క్లబ్ గ్రూప్‌లో ఒక రూల్ ప్రతిపాదించారు. మేగజీన్‌కి పుస్తక సమీక్ష రాసేవాళ్లు కథ సగానికి మించి చెప్పకూడదు. ముగింపు అసలే చెప్పకూడదు. చెప్తే ఎడిటింగ్‌లో తీసేస్తారు. అందరూ థమ్సప్ పెట్టేశారు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో అక్కడే టైప్ చేస్తే పది నిమిషాల్లో మీమ్స్ కింద కొట్టుకుపోతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఏం అనబోతున్నానో ముందే చెప్పేస్తా, దీన్ని కూడా స్పాయిలర్ అనుకోండి. సమీక్ష రాసేవాడికి కథ మొత్తం చెప్పే స్వేచ్ఛ ఉండాలి, ముగింపుతో సహా. డిటెక్టివ్ నవలలకీ, ఆఖరి లైన్లో గిర్రున తిరిగే చిన్న కథలకీ మాత్రం మినహాయింపు. మిగతా వాటికి ఈ రూల్ పెడితే పుస్తకాలకి మేలు జరగదు, సమీక్షలు మాత్రం పాడవుతాయి.

అసలు 'స్పాయిలర్' అనే భయం మన ఊళ్లకి ఎప్పుడొచ్చిందా అని ఆలోచించాను. పామర్రు నుంచి అవనిగడ్డ బస్సెక్కితే దారిలో కూచిపూడి వస్తుంది. మనలో చాలామందికి అది కిటికీలోంచి కనిపించే ఒక స్టాపు, అంతే. కానీ అక్కడ కొన్ని వందల ఏళ్లుగా భామాకలాపం ఆడుతున్నారు. సిద్ధేంద్ర యోగి రాశాడని చెప్పుకునే ఆ కథ మూడు ముక్కల్లో అయిపోతుంది. సత్యభామకి అలక, కృష్ణుడు దూరం. మాధవి చేత ఉత్తరం పంపడం. చివరికి ఇద్దరూ కలవడం. వేదాంతం సత్యనారాయణ శర్మగారు దశాబ్దాలపాటు సత్యభామ వేషం కట్టారు. ఆయన తెర మీదుగా జడ వేసి ప్రవేశించేటప్పుడు, 'అయ్యో, కృష్ణుడు తిరిగొస్తాడో రాడో' అని గోళ్లు కొరుక్కున్నవాడు ఆ జనంలో ఒక్కడైనా ఉండి ఉంటాడా? వాళ్లు చూడ్డానికి వచ్చింది ఆ అలక ఎలా అలుగుతారో, ఒక మగవాడి మెడ వంపులో అంత అతిశయం ఎక్కణ్ణుంచి వస్తుందో. కథ తెలియడం వాళ్లకి అడ్డు కాలేదు. తెలియకపోతేనే సగం సరదా పోయేది.

ఇంకొంచెం అటు వెళ్తే ఘంటసాల మండలంలో శ్రీకాకుళం ఉంది. ఉత్తరాంధ్రలో ఉన్న జిల్లా కాదు, మన కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర దారిలో అక్కడ ఆగితే ఆంధ్ర మహావిష్ణువు కలలో కనబడి తన కథ తెలుగులో రాయమన్నాడట. ఆముక్తమాల్యద అవతారికలోనే ఇది ఉంది. అంటే కావ్యం మొదలవకముందే పెళ్లి ఎవరికి, ఎవరితో అన్నది దేవుడే చెప్పేశాడు. ఇంతకన్నా పెద్ద స్పాయిలర్ ఇచ్చేవాడు ఎవరుంటారు?

'అవి పురాణాలురా, అందరికీ తెలిసిన కథలు, నవల అలా కాదు' అంటారు. సరే. మాయాబజార్ తీసుకోండి. 1957లో వచ్చింది, నిమ్మకూరు ఆయనే కృష్ణుడు. అందులో శశిరేఖ అసలు శశిరేఖ కాదు, ఆ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. ఈ రహస్యం దాచిపెట్టి, చివర్లో ట్విస్టులా విప్పితే సినిమా ఏమయ్యేది? సావిత్రి ఆడపిల్లలా నడుస్తూ నడుస్తూ ఠక్కున రాక్షసుడిలా నిలబడినప్పుడు మనం పగలబడి నవ్వేది మనకి తెలుసు కాబట్టి, పాపం లక్ష్మణ కుమారుడికి తెలీదు కాబట్టి. ఇక్కడ ప్రేక్షకుడికి ముందే చెప్పేయడమే కథ నడిపే పద్ధతి.

తెలుగులో నిజంగానే సస్పెన్స్ మీద నిలబడిన పాత పుస్తకం ఒకటుంది. పింగళి సూరన కళాపూర్ణోదయం, 16వ శతాబ్దం. పురాణంలోంచి తీసుకోకుండా సొంతంగా అల్లిన కథ. ఎవరెవరో, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా తిప్పి తిప్పి చెప్తాడు. నేను మూలం చదవలేదు, చదివే స్థాయి కూడా లేదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లీషు అనువాదం పట్టుకున్నాను. తమాషా ఏంటంటే, అందులో జరగబోయే కథని బ్రహ్మ ముందే సరస్వతికి చెప్పేసి ఉంటాడు. కథ లోపలే ఒక స్పాయిలర్ తిరుగుతూ ఉంటుంది, పాత్రల చెవిన పడుతూ ఉంటుంది. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వ విచారము రాసినప్పుడు ఈ కావ్యం కథని విప్పి, అతుకులు చూపించి, ఎక్కడ బాగుంది ఎక్కడ బాగోలేదు అని వాదించాడు. తెలుగులో ఆధునిక విమర్శ మొదలైంది ఆ పుస్తకంతోనే అంటారు. ఆయనకి మన రూల్ వర్తించి ఉంటే ఏం మిగిలేది? 'సూరనగారి శైలి బాగుంది, తప్పక చదవండి' అని ఒక పేరా.

నా అసలు బాధ ఇదే. కథ చెప్పకూడదు అనగానే సమీక్షలో మిగిలేవి కొన్ని రెడీమేడ్ మాటలు. ఏకబిగిన చదివిస్తుంది. గుండెని తడిమే కథ. ప్రతి ఒక్కరూ చదివి తీరాల్సిన పుస్తకం. మన పాత సంచికలు తెరిచి చూడండి, ఈ మాటలు ఏ పుస్తకం కింద పెట్టినా అతికిపోతాయి. పుస్తకం పేరు తీసేసి ఎవరికైనా చూపించి ఇది దేని గురించో చెప్పమంటే చెప్పలేరు. స్పాయిలర్ లేని సమీక్షలో తప్పు పట్టడం కూడా కుదరదు. పొగడడానికి వివరాలు అక్కర్లేదు కానీ తిట్టడానికి కావాలి కదా.

గుడివాడలో మా పిన్ని వాళ్లింట్లో బైండు చేయించిన పాత సీరియల్ నవలలు ఒక అలమారా నిండా ఉన్నాయి. వారపత్రికల్లోంచి చింపి, ఎర్ర అట్ట వేయించి దాచుకున్నవి. వేసవి సెలవుల్లో ఒకటి చదివాను. మూడొందల పేజీలు హీరోయిన్ చాలా తెలివిగా, ధైర్యంగా ఉంటుంది. మొగుడు కొడతాడు, బయటికొస్తుంది, ఉద్యోగం చేసుకుంటుంది. ఆఖరి నాలుగు పేజీల్లో అతనికి జబ్బు చేస్తే వెనక్కి వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుంటుంది, అక్కడ శుభం కార్డు. నాకు పుస్తకం గోడకేసి కొట్టాలనిపించింది. బైండు పిన్నిది కాబట్టి కొట్టలేదు. దాని మీద సమీక్ష రాయాలంటే నేను రాయాల్సింది ఆ నాలుగు పేజీల గురించే. రూల్ ప్రకారం అవే చెప్పకూడదు. అప్పుడు ఏం రాయాలి? 'ముగింపు ఇంకాస్త బాగుండాల్సింది' అనా? రాసినాయన తప్పు చేసిన చోటే దాక్కోవడానికి మనమే గోడ కట్టి ఇస్తున్నట్టు ఉంది ఇది.

అన్నట్టు ఆ సీరియల్స్‌లో ప్రతి వారం మొదట 'ఇంతవరకూ జరిగిన కథ' అని ఒక డబ్బా ఉండేది. మధ్యలో చేరినవాళ్ల కోసం. పిన్ని చెప్పింది, కొన్నిసార్లు ఆ డబ్బా ఒక్కటే చదివి వదిలేసేవాళ్లట, అసలు భాగం కన్నా అదే బాగుండేదట. సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు కూడా అలాగే అమ్మేవారు. పాటలతో పాటు కథ క్లుప్తంగా ఉండేది, చివర 'మిగతాది వెండితెరపై చూడండి' అని ఆపేవారు. మన క్లబ్ పెట్టబోయే సగం రూల్‌కి అసలు తాత అదే అనుకుంటా. కానీ అది టికెట్లు అమ్ముకునేవాళ్ల పద్ధతి. వాళ్లకి మనల్ని హాల్లోకి రప్పించడం కావాలి. మన సమీక్షకుడు పబ్లిషర్ దగ్గర కమీషన్ తీసుకోవడం లేదు కదా, అతనెందుకు అలా ఆపాలి?

బాహుబలి సంగతి ఎత్తకుండా ఈ టాపిక్ పూర్తవ్వదు. మొదటి భాగం 2015 జూలై 10న వచ్చినప్పుడు నేను నాలుగో తరగతి. కట్టప్ప ఎందుకు చంపాడు అన్న ప్రశ్న మీద దాదాపు రెండేళ్లు దేశం మొత్తం బతికింది. 2017 ఏప్రిల్ 28న జవాబు దొరికింది. మొదటి రోజే అందరికీ తెలిసిపోయింది, మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర కూడా చెప్పుకున్నారు. తర్వాత ఎన్ని వారాలు ఆడింది? జవాబు తెలిసినవాళ్లే రెండోసారి, మూడోసారి వెళ్లారు. నేనూ వెళ్లాను. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి, మొదటి రోజు పొద్దున్నే హాల్లో ఉన్నవాళ్లకి దొరికిన ఆ ఒక్క కుదుపు మాకు దొరకలేదు. అది నిజం.

ఆ కుదుపు గురించే క్లబ్‌లో నాతో గట్టిగా వాదించిన ఫ్రెండ్ చెప్పేది. ఏ పుస్తకానికైనా మొదటిసారి చదవడం జీవితంలో ఒక్కసారే ఉంటుంది, రెండోసారి ఎప్పుడైనా చదువుకోవచ్చు, కాబట్టి ఆ ఒక్కసారిని నువ్వు లాక్కోకు అంటుంది. ఇది బలమైన మాట. లండన్‌లో అగాథా క్రిస్టీ నాటకం మౌస్‌ట్రాప్ 1952లో మొదలైంది, ఇప్పటికీ ఆట అయిపోయాక హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని అడుగుతారట. అది న్యాయమే. అక్కడ రచయిత్రి మనతో ఒక ఆట మొదలుపెట్టింది, ఆట మధ్యలోకొచ్చి జవాబు అరవడం మర్యాద కాదు. నా మినహాయింపు అందుకే. కానీ తెలుగులో మనం సమీక్ష రాసే పుస్తకాల్లో హంతకుణ్ణి కనిపెట్టే పుస్తకాలు ఎన్ని?

ఈ విషయం మీద ప్రయోగాలు కూడా చేశారు. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాండియెగోలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అని ఇద్దరు సైకాలజీ వాళ్లు 12 చిన్న కథలు తీసుకుని, కొందరికి ముగింపు ముందే చెప్పి, కొందరికి చెప్పకుండా చదివించారు. ముందే తెలిసినవాళ్లే ఎక్కువ ఆనందించినట్టు తేలింది. తర్వాత వేరేవాళ్లు చేస్తే ఎదురు ఫలితాలు కూడా వచ్చాయి, కాబట్టి దాన్ని పట్టుకుని నేను గెలిచానని చెప్పుకోను. సైన్స్ నా వైపు ఉందని లింకు పెట్టేసి వెళ్లిపోయేవాళ్లంటే నాకు చిరాకు.

నా మటుకు నాకు అసలు కారణం వేరే ఉంది, అది కొంచెం సిగ్గుగా ఉన్నా చెప్తా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవగలను, కానీ నెమ్మది. ఇంగ్లీషులో గంటకి నలభై పేజీలు వెళ్తే తెలుగులో పన్నెండు. వత్తులు ఎక్కువున్న పేజీ వస్తే ఇంకా తక్కువ. మూడొందల పేజీల తెలుగు నవల అంటే నాకు నెల రోజుల పని, మధ్యలో ల్యాబ్ ఇంటర్నల్స్ ఉంటే రెండు నెలలు. మనలో సగం మంది పరిస్థితి ఇదే, పైకి చెప్పరు. అలాంటివాడికి కథ ముందే తెలిస్తే చేతికి కర్ర ఇచ్చినట్టు ఉంటుంది. ఎటు వెళ్తోందో తెలుసు కాబట్టి ఒక మాట అర్థం కాకపోయినా ఆగిపోడు. నేను విశ్వనాథ వేయిపడగలు వంద పేజీలు దాటగలిగాను అంటే అది ఎవరో రాసిన పాత వ్యాసంలో కథంతా ఉండబట్టే. ఆయన ఒకప్పుడు మన బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఇప్పుడు బందరు బస్టాండులో నిలబడి అడిగితే ఆ పుస్తకం చదివినవాళ్లు ఎంతమంది దొరుకుతారు? పుస్తకం ఎవరూ చదవకపోతే దాని ముగింపుని కాపాడి ఎవరికి ఇస్తాం?

దివిసీమ వాళ్లకి ఇంకో ఉదాహరణ చెప్తాను. మా అమ్మమ్మది నాగాయలంక వైపు. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి ఆమె ఎప్పుడు చెప్పినా చివర నుంచే మొదలెడుతుంది. 'మా చిన్నోడు పోయాడు, మీ తాతయ్య తాటిచెట్టు పట్టుకుని బతికాడు' అని ముందే చెప్పేస్తుంది. ఆ తర్వాత పొద్దున గాలి ఎలా ఉందో, పశువుల తాళ్లు ఎవరు కోశారో, నీళ్లు ఎటు నుంచి వచ్చాయో చెప్తుంది. పది వేల మందికి పైగా పోయిన రాత్రి అది, ఎలా ముగిసిందో వినేవాళ్లందరికీ తెలుసు. అయినా మా ఇంట్లో ఎవరూ మధ్యలో లేచి వెళ్లరు. పిల్లాడు బతుకుతాడా లేదా అని మనల్ని వేలాడదీసి చెప్పాలని ఆమెకి ఎప్పుడూ తోచలేదు. అలా చెప్పి ఉంటే నాకు అసహ్యంగా ఉండేది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన కారణం. గుడివాడ పక్క అంగలూరు త్రిపురనేని రామస్వామి చౌదరిగారిది. ఆయన కొడుకు గోపీచంద్ 1940ల్లో అసమర్థుని జీవయాత్ర రాశారు. తెలుగులో మొదటి మనోవైజ్ఞానిక నవల అంటారు. పేరులోనే కథ ఉంది చూడండి, ఆయనే దాచలేదు. సీతారామారావు వంశం పరువు నిలబెట్టాలని అడిగినవాళ్లకల్లా ఇచ్చి ఆస్తి పోగొట్టుకుంటాడు, ఏ పనిలోనూ నిలబడలేడు, తన మీద తనకే అసహ్యం పెంచుకుంటాడు, చివరికి మతి చెడి శ్మశానంలో చచ్చిపోతాడు. చెప్పేశాను. ఇప్పుడు మీకు ఆ పుస్తకం పనికిరాకుండా పోయిందా? ప్రోగ్రామ్ క్రాష్ అయిందని తెలిసిన తర్వాతే కదా మనం స్టాక్ ట్రేస్ తెరిచి వెనక్కి వెనక్కి చదువుతాం. ఆ నవల నేను అలాగే చదివాను. ఈ మనిషి ఏ పేజీలో ఆగి ఉంటే బాగుండేది అని వెతుక్కుంటూ.

ఆ పుస్తకం నా మంచం మీద ఉన్నప్పుడు మా ఫ్లోర్‌లో ఉండే ఒకతను వచ్చాడు. మూడు బ్యాక్‌లాగ్‌లు, ఇంటికి ఫోన్ చేయడం మానేసి చాలా రోజులైంది. అట్ట చూసి 'ఏంట్రా, నా బయోగ్రఫీ ఎవడో రాసేశాడే' అని నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపాగి, 'చివరికి బాగుపడతాడా?' అని అడిగాడు. మన రూల్ ప్రకారం నేను 'చదివి తెలుసుకో మామా' అని పుస్తకం అతని చేతిలో పెట్టాలి. నేను పెట్టలేదు. బాగుపడడు, చనిపోతాడు అని చెప్పాను. ఎందుకలా అయ్యాడో గోపీచంద్ ఏమనుకున్నాడో చెప్పాను, నేను ఏమనుకుంటున్నానో కూడా చెప్పాను. అలా మెస్ బెల్ కొట్టేదాకా మాట్లాడుకున్నాం, సీతారామారావు గురించి తక్కువ, అతని గురించి ఎక్కువ. ఆ పుస్తకం అతను ఇంతవరకూ చదవలేదు. ఇప్పుడు చదవక్కర్లేదు కూడా, ఎప్పుడో చదువుకుంటాడు. ఆ పుస్తకం మీద సమీక్ష రాస్తే, మన హాస్టల్లో ఏ గదిలో ఎవరు ఏ రాత్రి ఏ మూడ్‌లో చదువుతారో తెలియకుండా, ముగింపు సర్‌ప్రైజ్‌గా ఉంచడం నాకు చేతకాదు.

కథ చెప్పడం అంటే పేజీల కొద్దీ 'అప్పుడు అతను అలా అన్నాడు, అప్పుడు ఆమె ఇలా వెళ్లింది' అని రాయమని కాదు. అది సమీక్ష కాదు, బద్ధకం. చెప్పే ప్రతి సంఘటన పక్కన దాని మీద నీ మాట ఒకటి ఉండాలి, లేకపోతే ఆ సంఘటన చెప్పక్కర్లేదు. ముగింపు ఎత్తే ముందు ఒక లైన్లో హెచ్చరిక పెడితే చాలు, వద్దనుకున్నవాళ్లు అక్కడ ఆగిపోతారు. మన తెలుగు పుస్తకాల్లో ఈ మాత్రం మర్యాద ముందుమాటలు రాసే పెద్దలే పాటించరు. నలుగురు పెద్దమనుషులు నాలుగు ముందుమాటల్లో కథంతా చెప్పేసి, 'ఇక పుస్తకంలోకి ప్రవేశించండి' అని ఆహ్వానిస్తారు. నేనైతే వాటిని ఆఖర్న చదువుతాను, మీకూ అదే సలహా.

కాబట్టి ఎడిటర్‌గారికి నా రిక్వెస్ట్. సగం రూల్ తీసేయండి, హెచ్చరిక లైన్ రూల్ పెట్టండి, డిటెక్టివ్ పుస్తకాలకి మీ రూల్ మీరే ఉంచుకోండి. వచ్చే సంచికకి నేను గోపీచంద్‌దే ఇంకో నవల తీసుకున్నాను, పండిత పరమేశ్వర శాస్త్రి వీలునామా. ఆయన పోయాక 1963లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దానికే. ఇప్పటికి ఎనభై పేజీలయ్యాయి. వీలునామాలో ఏముందో నా సమీక్ష రెండో పేరాలో ఉంటుంది, మొదటి పేరా చివర హెచ్చరిక ఉంటుంది.